చీటీలో మిల్లీగ్రాములు, సిరంజిలో మిల్లీలీటర్లు: జంతువులకు మందు ఇచ్చే ముందు తెలుసుకోవలసినవి

పశువైద్యులు మోతాదును మిల్లీగ్రాములలో లెక్కగడతారు. కోఠిలోని ఇసామియా బజారు హోల్‌సేల్ దుకాణంలోనైనా, వీధి చివరి మెడికల్ షాపులోనైనా మన చేతికి వచ్చేది మిల్లీలీటర్లలో కొలిచే సీసా. ఇంటికి వచ్చాక అందుబాటులో ఉండేది వంటింటి చెంచా. ఈ మూడు కొలతలూ ఒకదానితో ఒకటి కుదిరినంతవరకే మందు మందుగా పనిచేస్తుంది. ఎక్కడో ఒకచోట లెక్క తప్పితే, సరైన రోగానికి సరైన మందే ఇచ్చినా కుక్కపిల్ల ప్రాణం మీదికి రావచ్చు, లేదా మందు చాలక రోగం ముదరవచ్చు. ఏ మందు వాడాలన్న ప్రశ్న మీద మనం పెట్టే శ్రద్ధలో సగమైనా ఎంత ఇవ్వాలి, దేనితో కొలవాలి, ఎక్కడ దాచాలి, ఎలా తాగించాలి అన్న ప్రశ్నల మీద పెట్టడం లేదని నా అభిప్రాయం. రోగ నిర్ధారణ, మందు ఎంపిక పశువైద్యుల పని. ఈ వ్యాసంలోని అంకెలు లెక్క ఎలా నడుస్తుందో చూపడానికే గాని సొంత వైద్యానికి కావు.

మనుషులలో పెద్దవాళ్లకు "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అంటే సరిపోతుంది, ఎందుకంటే పెద్దల బరువుల మధ్య తేడా మహా అయితే రెండు మూడు రెట్లు. అదే కూకట్‌పల్లి అపార్టుమెంటులోని 2 కిలోల పిల్లికూనకూ, అత్తాపూర్ తబేలాలోని 500 కిలోల ముర్రా గేదెకూ ఒకే నట్టల మందు, ఉదాహరణకు ఫెన్‌బెండజోల్, రాసే సందర్భం ఉండవచ్చు. రెండు శరీరాల మధ్య తేడా 250 రెట్లు. అందుకే జంతువుల మోతాదు ఎప్పుడూ "కిలోకు ఇన్ని మిల్లీగ్రాములు" అనే రూపంలో ఉంటుంది, అందుకే తూకం మొదటి మెట్టు అవుతుంది.

కంటి అంచనా నమ్మదగినది కాదు. బొచ్చు ఎక్కువగా ఉన్న కుక్క బరువును ఎక్కువగా, బొద్దుగా ఉన్న పిల్లి బరువును తక్కువగా ఊహిస్తాం. ఇంట్లో మనుషులు తూకం చూసుకునే మిషను మీద కుక్కను ఎత్తుకుని నిలబడి, తర్వాత ఒంటరిగా నిలబడి, రెండింటి తేడా తీసుకుంటే పెద్ద కుక్కలకు చాలు. పిల్లులకు, కుందేళ్లకు మాత్రం వాటిని బుట్టలో పెట్టి చిన్న తూకం మీద చూడటం మేలు, ఎందుకంటే 3 కిలోల జంతువు విషయంలో అరకిలో పొరపాటు కూడా పెద్దదే. ఎదిగే పిల్లల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. లాబ్రడార్ పిల్లకు రెండో నెలలో రాసిన చీటీ నాలుగో నెలకు పనికిరాదు, ఈలోగా దాని బరువు రెట్టింపు దాటి ఉంటుంది.

తబేలాలో తూకపు మిషను ఉండదు, కానీ టేపు ఉంటుంది. ముందు కాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను అంగుళాలలో కొలిచి, దానిని దానితోనే హెచ్చించి, భుజం ముందు ఎముక నుంచి తోక పక్కనున్న పిరుదు ఎముక వరకు ఉన్న పొడవుతో మళ్లీ హెచ్చించి, వచ్చినదానిని 660తో భాగిస్తే పశువు బరువు ఇంచుమించు కిలోలలో వస్తుంది. చుట్టుకొలత 72 అంగుళాలు, పొడవు 60 అంగుళాలు ఉన్న గేదె బరువు ఈ లెక్కన 471 కిలోలు. మంద మొత్తానికి ఒకేసారి నట్టల మందు పోసే గొర్రెల కాపరులకు ఇంకొక మాట చెప్పాలి. మందలోని సగటు గొర్రె బరువుకు లెక్కగడితే బరువైన గొర్రెలకు మందు చాలదు, చాలని మందుకు తట్టుకుని బతికిన నట్టలే తర్వాతి తరాలను కంటాయి, కొన్నేళ్లకు ఆ మందు ఆ మందలో పనిచేయడం మానేస్తుంది. కాబట్టి ఒకే మోతాదు పోయవలసి వస్తే గుంపులో అన్నిటికంటే బరువైన గొర్రెను చూసి లెక్క వేయాలి. మందలో చిన్నవి, పెద్దవి బాగా కలిసి ఉంటే ముందు వాటిని వేరు చేయాలి. కొత్తగా చూలు కట్టిన గొర్రెలకు ఆల్బెండజోల్ పోయకూడదు, అది పిండం రూపును దెబ్బతీస్తుంది.

అసలు చిక్కు గాఢత దగ్గర మొదలవుతుంది. 12 కిలోల కుక్కకు నొప్పి, వాపు తగ్గించే మెలాక్సికామ్ కిలోకు 0.1 మిల్లీగ్రాము చొప్పున రాశారనుకుందాం. కావలసింది 1.2 మిల్లీగ్రాములు. కుక్కల కోసం చేసిన నోటి మందులో మిల్లీలీటరుకు 1.5 మిల్లీగ్రాములు ఉంటాయి కనుక 0.8 మిల్లీలీటరు తీయాలి. అదే మందు పిల్లుల సీసాలో మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాము మాత్రమే ఉంటుంది, పశువుల ఇంజెక్షన్ సీసాలలో 5 నుంచి 20 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పేరు ఒకటే, మిల్లీలీటరు ఒకటే, లోపలి మందు మాత్రం 40 రెట్ల వరకు మారుతుంది. "పోయినసారి 0.8 ఇచ్చాం, ఇప్పుడూ అంతే" అని వేరే సీసాలోంచి తీసేవారు ఈ తేడాలోనే పడిపోతారు. పశువుల కోసం అమ్మే కొన్ని మెలాక్సికామ్ ఇంజెక్షన్లలో పారాసిటమాల్ కూడా కలిపి ఉంటుంది, పిల్లి విషయంలో దాని అర్థం ఏమిటో కింద చెబుతాను.

సిరప్ సీసా మీద "5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములు" అని ఉన్నదానిని మిల్లీలీటరుకు 250 అని చదివితే అయిదో వంతు మందే లోపలికి వెళ్తుంది. శాతాల లెక్క ఇంకా తికమక పెడుతుంది. 1 శాతం ద్రావణమంటే 100 మిల్లీలీటర్లలో 1 గ్రాము, అంటే మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు. పిడుదులకు, గజ్జికి విరివిగా వాడే ఐవర్‌మెక్టిన్ పశువుల ఇంజెక్షన్ ఈ గాఢతలోనే దొరుకుతుంది. పశువులకు మోతాదు కిలోకు 0.2 మిల్లీగ్రాము కనుక 400 కిలోల గేదెకు 8 మిల్లీలీటర్లు పడతాయి. అదే లెక్కన 5 కిలోల కుక్కపిల్లకు వచ్చేది 0.1 మిల్లీలీటరు, సిరంజిలో కంటికి ఆననంత చుక్క. "చిన్నది కదా, అర మిల్లీ వేద్దాం" అన్నవారు అయిదు రెట్లు వేసినట్టు. పైగా కోలీ జాతి కుక్కలలోనూ, వాటి సంకరాలలోనూ చాలావాటికి జన్యు లోపం వల్ల ఈ మందును మెదడులోకి పోకుండా ఆపే ఏర్పాటు సరిగా ఉండదు. ఇతర కుక్కలు తట్టుకునే మోతాదుకే అవి తూలి, వణికి, స్పృహ తప్పుతాయి. గుండె పురుగు రాకుండా కుక్కలకు నెలనెలా ఇచ్చే మాత్రలో ఉండేది కిలోకు 6 మైక్రోగ్రాములు మాత్రమే. మైక్రోగ్రామంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. చీటీలో ఈ రెండింటినీ కలగాపులగం చేస్తే పొరపాటు వెయ్యి రెట్లది అవుతుంది.

ఇన్సులిన్ దగ్గర సిరంజి కూడా మోసం చేయగలదు. మన దుకాణాలలో యు-40, యు-100 అనే రెండు గాఢతలు దొరుకుతాయి; మొదటిదానిలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, రెండోదానిలో 100. వాటి సిరంజిలూ వేరు. సాధారణంగా యు-40 సిరంజికి ఎర్ర మూత, యు-100కు నారింజ రంగు మూత ఉంటాయి. జంతువుల కోసం తయారైన ఇన్సులిన్ చాలావరకు యు-40. యు-100 ఇన్సులిన్‌ను యు-40 సిరంజిలోకి 10 గీత వరకు తీస్తే లోపలికి వెళ్లేది 10 కాదు, 25 యూనిట్లు. ఆ రాత్రే చక్కెర పడిపోయి జంతువు మూర్ఛలోకి వెళ్లవచ్చు. ఇంట్లో తాతగారికీ, కుక్కకూ ఇద్దరికీ చక్కెర జబ్బు ఉంటే రెండు డబ్బాలు, రెండు అరలు ఉండి తీరాలి.

కొలిచే సాధనం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. వంటింటి చెంచా అయిదు మిల్లీలీటర్లు పడుతుందన్నది నమ్మకమే. ఇంటింటికీ చెంచా మారుతుంది, నింపే చెయ్యి మారుతుంది. సూది తీసేసిన సిరంజి అన్నిటికంటే నమ్మదగినది. ఒక మిల్లీలీటరు కంటే తక్కువ మోతాదుకు 1 మిల్లీలీటరు సిరంజినే వాడాలి, 10 మిల్లీలీటర్ల సిరంజిలో 0.3 అనేది ఊహ మాత్రమే. గాలి బుడగలు పోగొట్టి, పిస్టను నల్ల రబ్బరు పై అంచు ఏ గీతతో కలుస్తుందో కళ్లకు ఎదురుగా పట్టుకుని చూడాలి. అడుగున పేరుకునే మందును ప్రతిసారీ బాగా కలపాలి, కలపకపోతే మొదటి రోజులు పలచన, చివరి రోజులు చిక్కన. మాత్రను కత్తిరించవలసి వస్తే ముక్కలు సమానంగా రావు; నాలుగో వంతు కంటే చిన్న ముక్క కావాలంటే అదే మందు ద్రవ రూపంలో దొరుకుతుందేమో వైద్యులను అడగడం ఉత్తమం. చీటీలో దశాంశ బిందువును నేను ప్రత్యేకంగా వెతుకుతాను, మీరూ వెతకండి. ముందు సున్నా లేకుండా ".5" అని రాస్తే 5గా, వెనక సున్నాతో "1.0" అని రాస్తే 10గా చదివే ప్రమాదం ఉంది. సందేహం వస్తే కౌంటరు దగ్గర ఊహించకుండా, చీటీ రాసినవారికే ఫోన్ చేయాలి.

మోతాదు సరిగ్గా కుదిరినా ఒక జాతికి అమృతమైనది మరొక జాతికి విషం కావచ్చు. పారాసిటమాల్‌ను విరిచి బయటికి పంపే ఎంజైమ్ పిల్లి కాలేయంలో దాదాపు లేదు. ఇంట్లో జ్వరానికి వాడే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పిల్లిని చంపగలదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మారి, చిగుళ్లు గోధుమ రంగుకు తిరిగి, ముఖం వాచి, ఊపిరి అందకుండా పోతుంది. మనం నొప్పికి వేసుకునే ఐబుప్రొఫెన్ కుక్కలకు కడుపులో పుండ్లు, మూత్రపిండాల వైఫల్యం తెస్తుంది. కుక్కల పిడుదుల కోసం మెడ మీద వేసే పర్‌మెత్రిన్ చుక్కలు పిల్లికి వేస్తే మూర్ఛలు వస్తాయి. ఆ కుక్కను నాకిన పిల్లికీ ప్రమాదమే. మూర్గీ చౌక్‌లో కొని తెచ్చుకున్న కుందేలుకు అమాక్సిసిలిన్ అనే యాంటిబయాటిక్ నోటి ద్వారా పోస్తే దాని పేగులలోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి ప్రాణాంతకమైన విరేచనాలు పట్టుకుంటాయి. కోళ్ల దాణాలో కలిపే మోనెన్సిన్ గుర్రం గుండెను దెబ్బతీస్తుంది. చక్కెర లేని సిరప్‌లలో తీపికి వాడే జైలిటాల్ కుక్కలకు విషం కనుక మనుషుల సిరప్‌లో అసలు మందు ఒక్కటే చూస్తే చాలదు, తీపి దేనితో వచ్చిందో కూడా చూడాలి. పక్కింటివారి కుక్కకు తగ్గిందన్న మాట ఈ కారణాల వల్లే ఆధారం కాదు.

ఇక లోపలికి పంపడం. పిల్లి గొంతులో పొడి మాత్ర చాలాసేపు అన్నవాహికలోనే ఆగిపోతుంది. డాక్సిసైక్లిన్ అనే యాంటిబయాటిక్ అయితే ఆగిన చోట పుండు పుట్టించి, మానిన తర్వాత వాహికను ఇరుకు చేస్తుంది, ఆపైన పిల్లి తిన్నదల్లా కక్కుతుంది. అందుకే మాత్ర మింగించిన వెంటనే సిరంజితో 5, 6 మిల్లీలీటర్ల నీళ్లు బుగ్గ పక్క నుంచి మెల్లగా ఇవ్వాలి, లేదా కాస్త తిండి పెట్టాలి. మాత్రను పాలలోనో పెరుగులోనో పెట్టి ఇవ్వడం మన ఇళ్లలో అలవాటు. డాక్సిసైక్లిన్, ఎన్రోఫ్లాక్సాసిన్ వంటివి పాల పదార్థాలలోని కాల్షియంతో కట్టుబడి రక్తంలోకి సరిగా ఎక్కవు కనుక వాటిని అలా ఇవ్వకూడదు. మందును గిన్నె నిండా అన్నంలో కలిపితే సగం తిని సగం వదిలేసిన కుక్క ఎంత మందు తీసుకుందో ఎవరూ చెప్పలేరు. ఒక చిన్న ముద్దలో పెట్టి మింగే దాకా నిలబడి చూడాలి. ఇచ్చిన కాసేపటికే కక్కితే వెంటనే మళ్లీ ఇవ్వకుండా వైద్యులను అడగాలి. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెట్టింపు ఇవ్వకూడదు.

గేదెకు మందు తాగించడంలో ప్రాణాలు పోయే పొరపాటు ఒకటుంది. తల ఆకాశానికి ఎత్తి, నాలుక బయటికి లాగి, సీసా గొంతులో గుమ్మరిస్తే ద్రవం ఊపిరితిత్తులలోకి దిగుతుంది. ముక్కు కంటి ఎత్తుకు మించి లేవకుండా తల పట్టుకుని, నోటి మూల నుంచి కొద్దికొద్దిగా పోస్తూ, ప్రతి గుటకకూ ఆగి, దగ్గు వచ్చిన క్షణంలో తల వదిలేయాలి. కడుపు ఉబ్బరానికి నూనె పోసేటప్పుడు ఇంకా నెమ్మదిగా పోయాలి, ఎందుకంటే నూనె శ్వాసనాళంలోకి జారినా పశువుకు వెంటనే దగ్గు రాదు. ఈనిన తర్వాత పాలజ్వరంతో పడిపోయిన గేదెకు మింగే శక్తే ఉండదు కాబట్టి నోటి నుంచి ఏమీ పోయకూడదు. దానికి నరం ద్వారా కాల్షియం ఎక్కించాలి, అదీ పశువైద్యుల చేతి మీదుగానే.

దాచడం గురించి. చాలా మందుల డబ్బాల మీద 30 డిగ్రీలకు మించని చోట ఉంచమని రాసి ఉంటుంది. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో బయటి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల షెడ్డులో వేడి అంతకన్నా ఎక్కువ, ఎండలో ఆపిన కారులో ఇంకా ఎక్కువ. క్లినిక్ నుంచి మందు తీసుకుని దారిలో కారు ఆపి పనులు చూసుకుంటే ఆ మందు మీద ముద్రించిన గడువు తేదీకి విలువ ఉండదు. ఆ తేదీ సరైన చోట దాచిన మందుకే వర్తిస్తుంది. టీకాలు, ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ తలుపు అర మాటిమాటికీ వేడెక్కుతుంది, వెనక గోడకు ఆనించినవి గడ్డకట్టవచ్చు, మధ్య అర మంచిది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక పైకి బాగానే కనిపించినా పనికిరాదు. గాలికుంటు టీకా వంటివీ అంతే. కనుక టీకాను ఐసు పెట్టెలో తెచ్చేటప్పుడు ఐసుకు, సీసాకు మధ్య గుడ్డ వేయాలి. గొర్రెల పారుడు రోగం టీకా పొడి రూపంలో వస్తుంది, ద్రావణం కలిపిన తర్వాత కొద్ది గంటల్లోనే వేసేయాలి, మిగిలినది రేపటికి ఉండదు. అమాక్సిసిలిన్, క్లావులనేట్ పొడి సిరప్‌లో నీళ్లు కలిపాక ఫ్రిజ్‌లో ఉంచి వారంలో ముగించాలి. కలిపిన తేదీని సీసా మీదే రాసుకోవాలి.

మాత్రల స్ట్రిప్పును కత్తిరించి అమ్మే దుకాణంలో తేదీ ఉన్న ముక్క మనకు రాకపోవచ్చు. తేదీని చూసి, చీటీ మీద రాయించుకోవాలి. జంతువుల మందుల మీద "మనుషుల వాడకానికి కాదు, జంతువుల చికిత్సకు మాత్రమే" అని, పెంపుడు పశువు తల బొమ్మతో ముద్రించడం నియమం, అందుకే అసలు డబ్బా పారేసి వేరే సీసాలో పోసుకోవడం తప్పు. మాంసం రుచి కలిపిన మాత్రలను కుక్క మిఠాయి అనుకుంటుంది, సీసా మూత కొరికి మొత్తం తినేయగలదు. వాటికి తాళం ఉన్న అర కావాలి. పశువులు ఒకే సమయంలో ఎదకు వచ్చేలా వేసే ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్ చర్మం ద్వారా కూడా ఒంటికి పడుతుంది, గర్భిణులకు గర్భస్రావం, ఆస్తమా ఉన్నవారికి ఊపిరాడకపోవడం కలగవచ్చు. తబేలాలో ఆ సీసా ఎవరు ముట్టుకోవాలో ముందే నిర్ణయించుకోవాలి.

పాడి పశువుకు ఇచ్చిన మందు ఆ పశువు దగ్గరే ఆగదు. పొదుగు వాపుకు ఒక్క చన్నులోకే ట్యూబు ఎక్కించినా మందు రక్తంలో కలిసి మిగతా మూడు చన్నుల పాలలోకీ వస్తుంది, కాబట్టి నిర్ణీత కాలం నాలుగు చన్నుల పాలూ పారబోయాలి. కాచినంత మాత్రాన చాలా యాంటిబయాటిక్ అవశేషాలు పోవు. ఆ పాలు తోడు వేస్తే పెరుగు సరిగా తోడుకోకపోవడానికి అదే కారణం కావచ్చు. ఎన్ని రోజులు ఆగాలో సీసా మీద ఉండాలి; ఆ మందుకు ప్రత్యేకంగా కాలం నిర్ధారించకపోతే పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు అని ఔషధ నియమాలలో 2012లో చేర్చారు. రోజూ వాడికలకు పాలు పోసే తబేలా యజమానికి ఇది నష్టమే, ఆ సంగతి నాకు తెలుసు. అయినా మోతాదును, తేదీని, చివరి ఇంజెక్షన్ వేసిన వేళను ఒక నోటుబుక్కులో రాసుకుంటే అవసరానికి మించి ఒక్క రోజు పాలు కూడా పారబోయనక్కరలేదు. రాసుకోనివాడే ఎక్కువ నష్టపోతాడు, లేదా తెలియకుండా పసిపిల్లలకు మందు పాలు పోస్తాడు.

డైక్లోఫెనాక్ చరిత్ర ఇక్కడ చెప్పక తప్పదు. నొప్పికి ఆ ఇంజెక్షన్ తీసుకుని చనిపోయిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోయాయి. 1990ల మొదట్నుంచి దశాబ్దంన్నర కాలంలో మన దేశంలోని తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. పశువులకు దాని తయారీని 2006లో ఆపారు. మనుషుల పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని తేలడంతో 2015లో వాటినీ 3 మిల్లీలీటర్ల ఒంటి మోతాదుకు కుదించారు. 2023లో అలాంటివే అయిన కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ అనే నొప్పి మందులను పశువులకు నిషేధించారు. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అందుబాటులో ఉంది. తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట మీద గూళ్లు కట్టిన రాబందులకు, నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో వాటిని పెంచేవారి శ్రమకు, ఒక కాంపౌండరు ఏ సీసా తెరుస్తాడన్నది నేరుగా సంబంధించిన విషయం.

మిగిలిపోయిన మందులను సింకులోనో, మూసీలో కలిసే నాలాలోనో పోయకూడదు, చెత్తబండిలో విడిగానూ వేయకూడదు, కుక్కలూ చెత్త ఏరేవారూ వాటిని ముట్టుకుంటారు. వాడిన సూదులను గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి, మందులతో పాటు క్లినిక్‌కే తిరిగి ఇవ్వాలి. పొరపాటున ఎక్కువ మోతాదు వెళ్లిందని తెలిస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయవద్దు, ఆ ఉప్పే రక్తంలో చేరి ప్రాణం తీయగలదు. పశువులకైతే సంచార పశువైద్య సేవ నంబరు 1962కు ఫోన్ చేయాలి, పెంపుడు జంతువును దగ్గరి పశువైద్యశాలకో నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలకో తీసుకెళ్లాలి. వెళ్లేటప్పుడు ఖాళీ స్ట్రిప్పు లేదా సీసా, జంతువు బరువు, ఎంత వెళ్లింది, ఏ వేళకు వెళ్లింది అన్నవి కాగితం మీద రాసి పట్టుకెళ్లాలి, ఎందుకంటే అక్కడ వైద్యులు మొదట అడిగేది ఈ నాలుగే, విరుగుడు మోతాదును లెక్కగట్టేది కూడా వీటి మీదే.